వేదిక మీద అమ్మకం, టీ బల్ల దగ్గర పాఠం

ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకు బేగంపేటలోనో మాదాపూర్‌లోనో ఏదో ఒక హోటల్ బాంక్వెట్ హాలు. గుమ్మం పక్కన బల్ల, దాని మీద పేర్ల జాబితా, క్యూఆర్ కోడ్ అతికించిన స్టాండీ, మెడలో వేసుకునే బ్యాడ్జీలు. లోపల ఏసీ మరీ ఎక్కువ, పాటల సౌండ్ ఇంకా ఎక్కువ. ముందు వరసల్లో ఎవరూ కూర్చోరు. కాసేపటికి మైకు పట్టుకున్న కుర్రాడొచ్చి "ముందుకు రండి సార్, ముందుకు రండి మేడమ్" అని బతిమాలతాడు. డిజిటల్ మార్కెటింగ్ సెమినార్ అనగానే తెలుగు రాష్ట్రాల్లో చాలామందికి గుర్తొచ్చే బొమ్మ ఇదే. వచ్చినవాళ్లలో బట్టల షాపు ఓనర్ ఉంటాడు, డెంటల్ క్లినిక్ నడిపే డాక్టరమ్మ ఉంటుంది, బీటెక్ అయ్యి ఏడాదిగా ఖాళీగా ఉన్న పిల్లలుంటారు, జీతం కాక పక్కన ఇంకో ఆదాయం ఉంటే బాగుండునని వచ్చిన సాఫ్ట్‌వేర్ వాళ్లుంటారు. ఇంతమందికి ఒకే పాఠం ఎలా పనికొస్తుంది? పనికిరాదు. అయినా అక్కడికెళ్లి లాభపడేవాళ్లు ప్రతిసారీ కొందరుంటారు. వాళ్లు ఎవరో, మిగతావాళ్లకు ఎందుకు దక్కదో చూస్తే ఈ సెమినార్ల లోగుట్టు కొంత బయటపడుతుంది.

మొదట ఒక సంగతి ఒప్పుకోవాలి. నేర్చుకోవడానికే అయితే హాలు దాకా వెళ్లాల్సిన పని ఇప్పుడు పెద్దగా లేదు. గూగుల్ యాడ్స్ ఎలా నడపాలో గూగులే తన స్కిల్‌షాప్‌లో ఉచితంగా చెబుతుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనల పాఠాలు మెటా బ్లూప్రింట్‌లో ఉన్నాయి. మార్కెటింగ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ హబ్‌స్పాట్ అకాడమీ కోర్సులకూ ఫీజు లేదు. యూట్యూబ్‌లో తెలుగులోనే గంటల కొద్దీ వీడియోలు దొరుకుతాయి. ఆదివారం హాల్లో చూపించే స్లైడ్లలో ఎక్కువ భాగం వీటిలోంచి వచ్చినవే.

ఇరవై ఏళ్ల కిందట పరిస్థితి ఇలా లేదు. సెర్చ్ ఇంజిన్ల లోపల ఏం జరుగుతోందో చెప్పే దిక్కు లేని రోజుల్లో, 1999లో డానీ సలివన్ అమెరికాలో సెర్చ్ ఇంజిన్ స్ట్రాటజీస్ సదస్సులు మొదలుపెట్టారు. వార్త అక్కడే పుట్టేది. దానికి బాగా గుర్తుండిపోయే ఉదాహరణ 2009 జూన్‌లో సియాటిల్‌లో జరిగిన ఎస్‌ఎంఎక్స్ అడ్వాన్స్‌డ్ సదస్సు. ఒక పేజీకి వచ్చే లింకులను గూగుల్ దానికి పడ్డ ఓట్లలా చూస్తుంది. లింకుకు 'నోఫాలో' అనే గుర్తు తగిలిస్తే అప్పట్లో గూగుల్ ఆ లింకును లెక్కలోకి తీసుకునేది కాదు. కామెంట్లలో చెత్త లింకులు పెట్టేవాళ్లను ఆపడానికి 2005లో తెచ్చిన ఏర్పాటు అది. ఎస్‌ఈవో వాళ్లు, అంటే సైట్లను సెర్చ్ ఫలితాల్లో పైకి తెచ్చే పని చేసేవాళ్లు, దీన్ని ఇంకో రకంగా వాడుకున్నారు. తమ సైటులోనే అంతగా అవసరం లేని పేజీలకు ఆ గుర్తు తగిలించి, మిగిలే బలమంతా ముఖ్యమైన పేజీలకు మళ్లించేవారు. పొలంలో ఒక మడికి గండి మూసి ఇంకో మడికి నీళ్లు పెట్టినట్టు. ఆ సదస్సులో గూగుల్ తరఫున వచ్చిన మాట్ కట్స్, ఆ కిటుకు ఇక పనిచేయదని చెప్పారు. మూసిన గండి నీళ్లు పక్క మడికి వెళ్లవు, ఆవిరైపోతాయన్నమాట. అసలు ఆ మార్పు జరిగి అప్పటికే ఏడాది దాటిందని తర్వాత తన బ్లాగులో రాశారు. అంటే ఏడాదికి పైగా ఎందరో ఉత్తుత్తి పని చేసి, దానికి క్లయింట్ల దగ్గర బిల్లు కూడా వసూలు చేశారు. ఆ గదిలో ఉన్నవాళ్లకు సంగతి ముందు తెలిసింది, టిక్కెట్టు డబ్బులు అక్కడే గిట్టాయి.

ఇవాళ అలాంటి వార్తను గూగుల్ తన సైటులోనే పెడుతుంది. గంటలో లింక్డిన్ నిండా దాని గురించే ఉంటుంది. టిక్కెట్టు కొని ముందుగా తెలుసుకునే రహస్యం దాదాపు లేదు. అలా అయితే సదస్సులు మూతపడి ఉండాల్సింది, కానీ పెరిగాయి. ఎందుకంటే వాటి అసలు బలం మొదట్నుంచీ వేదిక మీద లేదు. పబ్‌కాన్ అని ఈ రంగంలో పేరున్న సదస్సు ఉంది. పేరులోనే ఉన్నట్టు, వెబ్‌సైట్లు నడిపే వెబ్‌మాస్టర్లు కొందరు లండన్‌లో ఒక పబ్బులో కలిసి మాట్లాడుకోవడం నుంచి పుట్టింది. ఇంగ్లండ్‌లో జరిగే బ్రైటన్ ఎస్‌ఈవోది కూడా ఇలాంటి కథే. 2010 ప్రాంతంలో పబ్బు మేడ మీద గదిలో కొద్దిమందితో మొదలై, వేలమంది వచ్చే సదస్సు అయింది. కబుర్లు ముందు, మైకు తర్వాత. మన దగ్గర వరస తిరగబడింది. ఇక్కడ ముందు మైకు వచ్చింది.

అందుకు ఒక కారణం అమీర్‌పేట. మైత్రీవనం చుట్టుపక్కల ఏళ్ల తరబడి నడిచిన కోచింగ్ పద్ధతి తెలుగు కుర్రకారుకు ఒక అలవాటు చేసింది. మెట్ల దగ్గర పాంప్లెట్, పైన 'ఫ్రీ డెమో', నచ్చితే ఫీజు. డెమో అంటే అమ్మకానికి ముందు రుచి చూపించడమని అందరికీ తెలుసు, ఎవరూ తప్పు పట్టరు. పైగా అమీర్‌పేట డెమోలో కాస్త నిజాయితీ ఉంది. రెండు మూడు రోజులు అసలు క్లాసులోనే కూర్చోబెడతారు, సార్ ఎలా చెబుతాడో తెలిసిపోతుంది. ఆన్‌లైన్ వర్క్‌షాపులు, హోటల్ సెమినార్లు ఈ డెమోనే తీసుకుని, పాఠం తగ్గించి ఊరింపు పెంచాయి.

దీని ఆర్థికం అర్థమైతే మిగతాదంతా తేలిక. లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. 99 రూపాయల వర్క్‌షాపు. ఫేస్‌బుక్‌లో ప్రకటనలిచ్చి ఒక మనిషిని రిజిస్టర్ చేయించడానికి 150 ఖర్చవుతోంది. వెయ్యి మంది చేరితే ప్రకటనలకు లక్షన్నర పోయింది, వచ్చింది 99 వేలు. పాఠం మొదలవకముందే 51 వేల నష్టం. వెయ్యిలో 400 మంది నిజంగా వస్తారు, వాళ్లలో వందకు ముగ్గురు, అంటే 12 మంది, 24,999 రూపాయల పెద్ద కోర్సు కొంటారు. మూడు లక్షలు. నష్టం పూడి, లాభం మిగిలింది. మొత్తం కార్యక్రమం ఆ 12 మంది కోసం నడిచింది. వచ్చినవాళ్లలో మిగిలిన 388 మంది పెళ్లిలో అతిథుల్లాంటివాళ్లు, హాలు నిండుగా కనిపించాలంటే వాళ్లూ ఉండాలి. ఇలాంటి చోట వక్త ఏం చెప్పాలి? సమస్య పూర్తిగా విప్పి చెబితే కోర్సు ఎవరూ కొనరు. అసలేమీ చెప్పకపోతే నమ్మరు. అందుకే 'ఏం చేయాలి' అన్నది చెప్పి, 'ఎలా చేయాలి' అన్న దగ్గర ఆపుతారు. ఇందులో వక్త చెడ్డతనం ఏమీ అక్కర్లేదు, లెక్కే ఆయన చేత అలా చెప్పిస్తుంది.

ఫీజు ఎక్కువగా ఉండే సదస్సుల్లో డబ్బు టిక్కెట్టు మీదే వస్తుంది కాబట్టి వక్తలు మాట్లాడే తీరు వేరు. స్పాన్సర్ల డబ్బుతో నడిచేవాటిలో సాఫ్ట్‌వేర్ కంపెనీ స్టాళ్లుంటాయి, ఆ కంపెనీ మనిషే మధ్యాహ్నం వేదికెక్కుతాడు. గూగుల్, మెటా లాంటి ప్లాట్‌ఫాం వాళ్లే పెట్టే ఉచిత శిక్షణలో భోజనం కూడా బాగుంటుంది. కాకపోతే ప్రతి జబ్బుకూ బడ్జెట్ పెంచడమే మందు. ఎటు వెళ్లినా ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే. ఈ హాలు అద్దె ఎవరు కడుతున్నారు?

అమ్మకం కోసమే పెట్టిన సెమినార్‌కు వెళ్లినా చేతిలో ఏదో ఒకటి పడుతుంది, చూసే కన్ను మారితే చాలు. చెప్పే పాఠం కన్నా, మనిషిని అక్కడిదాకా లాక్కొచ్చిన పద్ధతే మంచి పాఠం. మొదట కనిపించిన ప్రకటనలో ఏ మాటకు వేలు ఆగింది? నొక్కితే తెరుచుకున్న పేజీలో ఫోన్ నంబర్ ఎన్నో లైనులో అడిగారు? డబ్బు కట్టకుండా వెనక్కొచ్చేస్తే అదే ప్రకటన ఇన్‌స్టాగ్రామ్‌లో ఎన్ని రోజులు వెంటపడింది? వాట్సాప్‌లో ముందురోజు ఒకటి, గంట ముందు ఒకటి, పది నిమిషాల ముందు ఒకటి చొప్పున వచ్చిన మెసేజ్‌లలో ఏది పని చేసింది? ఇక చివరి నలభై నిమిషాలు. 'విలువ 1,20,000' అని స్క్రీన్ మీద పడుతుంది, దాని మీద ఎర్రగీత, కింద 60,000, దాని మీదా గీత, చివరికి 24,999. వెనక బల్ల దగ్గర స్వైపింగ్ మెషీన్‌తో ఇద్దరు సిద్ధంగా ఉంటారు. మొదట లేచి వెళ్లే ఇద్దరు ముగ్గురిని చూసి మరో పదిమంది లేస్తారు. డెంటల్ క్లినిక్ డాక్టరమ్మ నోట్సు రాసుకోవాల్సింది ఈ నలభై నిమిషాల గురించి. ఆ ఎర్రగీతలు ఆవిడ వాడనక్కర్లేదు, వాడకపోతేనే మర్యాద. గుర్తుచేసే మెసేజ్‌ల వరస మాత్రం, అపాయింట్‌మెంట్ తీసుకుని రాని పేషెంట్ల విషయంలో నేరుగా పనికొస్తుంది.

అన్నట్టు ఆ 24,999 మీద 18 శాతం జీఎస్టీ వేరు. కట్టేటప్పటికి 29,499 అవుతుంది. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారం మామూలుగా ఆ పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు, అంటే తాను కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకోవచ్చు. అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే కాంపోజిషన్ స్కీములో ఉన్న చిన్న షాపుకు ఆ వెసులుబాటు లేదు.

ఈ పద్ధతి హద్దు దాటితే ఎక్కడిదాకా వెళుతుందో అమెరికాలో ఒక కేసు చూపించింది. మై ఆన్‌లైన్ బిజినెస్ ఎడ్యుకేషన్ అనే సంస్థ మీద 2018 జూన్‌లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కోర్టుకెళ్లింది. 21 మెట్లలో ఇంటర్నెట్ వ్యాపారం నేర్పిస్తామని 49 డాలర్లతో లోపలికి రానిచ్చి, ఆ తర్వాత అంచెలంచెలుగా వేల డాలర్ల మెంబర్‌షిప్‌లు అంటగట్టారన్నది ఆరోపణ. జనం నుంచి వసూలైంది 12.5 కోట్ల డాలర్ల పైమాటేనని కమిషన్ చెప్పింది. ఇందులో గమనించాల్సింది మొత్తం కన్నా తీరు. అక్కడ నేర్పిన 'వ్యాపారం' ప్రధానంగా, అవే మెంబర్‌షిప్‌లను ఇంకొకరికి అమ్మి కమీషన్ తీసుకోవడం. ఇంటర్నెట్‌లో ఎలా సంపాదించాలో నేర్పడమే తప్ప ఇంటర్నెట్‌లో వేరే సంపాదన లేని గురువులు మన దగ్గరా కనిపిస్తారు. కోర్సు కాకుండా ఆయన ఇంకేం అమ్మాడో అడిగితే జవాబు రావాలి.

మన దేశంలోనూ కొన్ని నియమాలొచ్చాయి. 'ఇంకా 7 సీట్లే', వెనక్కి తిరిగే గడియారం, రిఫ్రెష్ చేస్తే మళ్లీ 15 నిమిషాల నుంచి మొదలవడం లాంటి దొంగ తొందర, కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబర్ 30న నోటిఫై చేసిన 13 రకాల డార్క్ ప్యాటర్న్‌లలో, అంటే కొనేవాళ్లను మభ్యపెట్టే ఆన్‌లైన్ ఎత్తుల్లో, మొట్టమొదటిది. కోచింగ్ సంస్థల ప్రకటనల్లో ఉద్యోగం ఖాయమన్న తరహా హామీలకు 2024 నవంబర్ మార్గదర్శకాలు అడ్డుకట్ట వేశాయి. డబ్బు వెనక్కివ్వకుండా తిప్పుతుంటే 1915 నంబర్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. చాలామంది చేయరు. మోసపోయామని ఇంట్లో చెప్పడానికే మొహమాటం.

చెప్పేది తాజాదో పాతదో కనుక్కోవడం అంత కష్టం కాదు. గూగుల్ యాడ్‌వర్డ్స్ పేరు 2018లోనే గూగుల్ యాడ్స్ అయింది. ఇంకా యాడ్‌వర్డ్స్ అంటుంటే అలవాటు అనుకోవచ్చు, స్లైడులో పాత స్క్రీనే ఉంటే అనుకోలేం. సైటుకు ఎవరొస్తున్నారో లెక్కపెట్టే పాత గూగుల్ అనలిటిక్స్ 2023 జూలై 1 నుంచి లెక్కలు తీసుకోవడం ఆపేసింది. ఇప్పటికీ దాని బొమ్మలతో పాఠం చెబుతున్నారంటే ఆ మనిషి అకౌంట్ తెరిచి చాలా కాలమైంది. 2021 ఏప్రిల్‌లో ఆపిల్ తన ఐఫోన్లలో యాప్‌లు మనిషిని వెంబడించాలంటే ముందు అనుమతి అడగాలన్న నియమం పెట్టాక, ఫేస్‌బుక్ ప్రకటనల లెక్కలు మునుపటంత నిక్కచ్చిగా రావడం లేదు. అంతకుముందు నాటి ఫలితాల స్క్రీన్‌షాట్ ఎంత ఘనంగా ఉన్నా పాత పంచాంగమే. అసలు స్క్రీన్‌షాట్ అనేదే సగం కథ. అందులో అమ్మకం కనిపిస్తుంది, ఖర్చు కనిపించదు. వెనక్కొచ్చిన పార్శిళ్లు అసలే కనిపించవు.

పార్శిళ్ల మాట వచ్చింది కాబట్టి టీ బల్ల దగ్గరికి వెళదాం. పదకొండున్నరకు బ్రేకు ఇచ్చారనుకుందాం. రాజమండ్రిలో పచ్చళ్లు, పొడులు చేసి ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్మే ఒకావిడ గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చి, పొద్దున్నే సికింద్రాబాద్‌లో దిగి, నేరుగా ఇక్కడికొచ్చింది. పక్కన బిస్కెట్ తీసుకుంటున్నాయన విజయవాడలో చీరలు అమ్ముతాడు. "మీదే ఊరండీ?" అన్న దగ్గర మొదలై మాట వ్యాపారంలోకి వచ్చింది.

"మీకు ఆర్డర్‌కి ఎంత పడుతోందండీ?"

"యాడ్ ఖర్చా? 180 దాకా అవుతోందండి."

"సీఓడీనా, ప్రీపెయిడా?"

"ఎక్కువ సీఓడీనే."

"అయితే మీకు పడేది 180 కాదమ్మా. వెనక్కొచ్చేవి తీసేసి లెక్కెయ్యండి."

సీఓడీ అంటే పార్శిల్ చేతికందాక డబ్బు కట్టడం, వద్దనుకుంటే తిప్పి పంపేస్తారు. లెక్కేస్తే ఇలా ఉంటుంది. 100 ఆర్డర్లకు ప్రకటనల ఖర్చు 18,000. అందులో 30 పార్శిళ్లు తీసుకోకుండా తిప్పి పంపారు. వాటి రానుపోను కొరియర్ ఒక్కోదానికి 120 చొప్పున 3,600. మొత్తం 21,600 రూపాయలను నిజంగా ఇంటికి చేరిన 70 ఆర్డర్ల మీద పంచితే ఒక్కోదానికి 309. ఒక ఆర్డర్ మీద ఆవిడకు మిగిలేది 250 అనుకుంటే, 180 దగ్గర 70 లాభం, 309 దగ్గర 59 నష్టం. ఇన్నాళ్లూ ఆర్డర్లు పెరిగిన కొద్దీ చేతిలో డబ్బు ఎందుకు తగ్గుతోందో తెలియక టెన్షన్ పడుతున్న మనిషికి, టీ చల్లారేలోపు జవాబు దొరికింది. ఈ సంగతి యూట్యూబ్‌లో లేదా? ఉంది. కానీ ఆవిడ అడగాల్సిన ప్రశ్న అదని యూట్యూబ్‌కు తెలియదు. చీరలాయనకు తెలుసు, ఎందుకంటే ఆ దెబ్బ ఆయన ముందే తిన్నాడు.

ఇక్కడ ఇంకొకటి ఉంది. వాళ్లిద్దరూ పోటీదారులు కారు. ఇద్దరూ పచ్చళ్ల వాళ్లే అయితే ఆ 180 అంకె బయటికి వచ్చేది కాదు. ఒకే రకం తలనొప్పి, వేరు వేరు సరుకు, వేరు వేరు ఊళ్లు. సెమినార్లో మనసు విప్పి మాట్లాడే జంటలు ఎక్కువగా ఇలాగే కుదురుతాయి. 1973లో అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రనోవెటర్ బోస్టన్ శివారులో ఉద్యోగాలు మారినవాళ్లను అడిగి ఒక విషయం బయటపెట్టారు. తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం సంపాదించినవాళ్లలో, ఆ తెలిసిన మనిషిని తరచూ కలిసేవాళ్లు 16.7 శాతమే. 55.6 శాతం మంది అప్పుడప్పుడు కలిసేవాళ్లు, 27.8 శాతం మంది ఎప్పుడో గాని కలవనివాళ్లు. దగ్గరి స్నేహితులకు తెలిసినవి మనకూ తెలిసే ఉంటాయి, కొత్త కబురు తెచ్చేది దూరపు పరిచయమే అని ఆయన వాదన. అప్పటికి ఇంటర్నెట్ లేదు. ఫ్రీలాన్సర్లకు పని ఎలా దొరుకుతోందో చూస్తే మాత్రం ఆ మాట ఇప్పటికీ నిలుస్తుంది. చేతి నిండా పని ఉన్న ఏజెన్సీ ఓనర్‌కు తెలుగులో చక్కగా రెండు ముక్కలు రాసేవాళ్లు కావాలి, రీల్స్ కట్ చేసేవాళ్లు కావాలి. ప్రకటన ఇచ్చి వెతకడు. పోయిన నెల సెమినార్లో పక్క కుర్చీలో కూర్చున్న కుర్రాడు గుర్తొస్తాడు. గుర్తొచ్చేలా ఆ కుర్రాడు ఏదో మాట్లాడి ఉంటే.

మాట్లాడటమే చాలామందికి చేతకాని పని. మైకు పట్టుకున్నాయన చుట్టూ బ్రేకులో ముప్పైమంది మూగుతారు, సెల్ఫీ తీసుకుంటారు. ఆయనకు ఒక్క పేరూ గుర్తుండదు. అదే సమయంలో గోడ పక్కన ఒంటరిగా ఫోన్ చూసుకుంటున్న మనిషి ఆరేళ్లుగా ఒక హాస్పిటల్‌కు గూగుల్ యాడ్స్ నడుపుతూ ఉండొచ్చు. ఎవరూ పలకరించరు. విజిటింగ్ కార్డులు పంచుకుంటూ తిరిగేవాళ్లు ఇంకో రకం. పెళ్లిలో శుభలేఖలు పంచినట్టు యాభై కార్డులు పంచి వెళ్లిపోతారు, నెల తర్వాత అటునుంచి ఒక్క ఫోనూ రాదు.

ఏదైనా దక్కాలంటే సొంత లెక్క వెంట తీసుకెళ్లాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, లాభపడేవాళ్లనూ ఖాళీ చేతులతో వెళ్లేవాళ్లనూ విడదీసే గీత ఇదే. ఆ 180 అంకె నోట్లో లేకపోతే చీరలాయన చెప్పగలిగింది ఏమీ లేదు, "బాగా చేయండమ్మా" తప్ప. డాక్టర్ దగ్గరికి రిపోర్టులు లేకుండా వెళ్లి 'ఒంట్లో బాగోలేదు' అన్నట్టే ఉంటుంది, 'డిజిటల్ మార్కెటింగ్ ఎలా చేయాలి' అన్న ప్రశ్న. ఇంకా ఏదీ మొదలుపెట్టని బీటెక్ కుర్రాడికి ఈ కారణంగానే సెమినార్ అంతగా ఉపయోగపడదు. ఆ ఫీజు డబ్బులో సగం పెట్టి పక్కవీధి బేకరీకి పది రోజులు ప్రకటనలు నడిపి చూస్తే, ఫలితం ఎలా వచ్చినా, తర్వాతి సెమినార్‌కు నలుగురితో మాట్లాడే సరుకు చేతిలో ఉంటుంది.

ఖర్చు లెక్క కూడా టిక్కెట్టుతో అయిపోదు. రాజమండ్రి ఆవిడకు రానుపోను రైలు, ఆటోలు, ఒక రోజు పని ఆగడం, ఇంటి దగ్గర పిల్లల్ని చూసుకోవడానికి ఎవరినో బతిమాలుకోవడం అన్నీ కలపాలి. ఆడవాళ్లు ఇలాంటి చోట్ల తక్కువగా కనిపించడానికి ఆసక్తి లేకపోవడం కారణం కాదు, ఆదివారం దొరకకపోవడం.

సెమినార్ అయ్యాక పుట్టే వాట్సాప్ గ్రూపు గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. మొదటి రోజు పరిచయాలు, మూడో రోజు గుడ్ మార్నింగ్ పూలు, వారం తిరిగేసరికి ఎవరో క్రిప్టో లింక్. బతికేది ఆ గ్రూపు కాదు, దానిలోంచి విడిగా తీసి సేవ్ చేసుకున్న రెండు మూడు నంబర్లు.

పచ్చళ్ల ఆవిడ సోమవారం ఇంటికెళ్లి సీఓడీ ఆర్డర్లకు 50 రూపాయలు ముందుగా యూపీఐలో కట్టాలని పెట్టిందనుకుందాం. ప్రకటనల ఖర్చు మార్చలేదు. కొన్నాళ్లకు చీరలాయనకు మెసేజ్ పెట్టింది. "100 వచ్చేచోట 74 ఆర్డర్లే వచ్చాయండీ. వెనక్కి మాత్రం 6 తిరిగొచ్చాయి." 68 ఇళ్లకు చేరాయి, ఒక్కోదానికి పడింది 275. నష్టం 59 నుంచి 25కి దిగింది, ఇంకా నష్టమే.

కాసేపటికి అటునుంచి జవాబొచ్చింది. "సింగిల్ సీసా ఆపేసి, మూడు కలిపి ఒక కాంబో పెట్టి చూడండమ్మా. కొరియర్ అదే, మిగిలేది పెరుగుతుంది. నెలాఖరుకు అంకెలు చెప్పండి."